దిగే దారి తెలియకుండా గుట్ట ఎక్కకండి: ఓరుగల్లు చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల మీద నడక

హనుమకొండలో చదువుకుంటున్న మీ నలుగురు మిత్రులు వచ్చే ఏడాది హిమాలయాలకు వెళ్లాలనుకుంటున్నారు. అంతవరకు ఇక్కడి గుట్టల మీద సాధన చేయాలని, ఏ గుట్టతో మొదలుపెట్టాలో, తాడు కొనాలో వద్దో చెప్పమని అడిగారు. బాగుంది. అయితే ప్రశ్న చివర "ఇవి చిన్న గుట్టలే కదా, మెట్ల మీదుగా ఎక్కి అవతలి వైపు బండ మీదుగా దిగితే సరదాగా ఉంటుందా?" అని కూడా రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ గుట్టల మీద ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా ఆ పని చేసినప్పుడే.

మన గుట్టల్లో చాలావాటి ఆకారం బోర్లించిన మూకుడు లాంటిది. కింద నిటారుగా ఉంటుంది, పైకి పోయిన కొద్దీ చదునవుతుంది. కింది నుంచి ఎక్కేవారికి మొదటి ఇరవై ముప్పై అడుగులే గట్టి పరీక్ష. అది దాటితే ప్రతి అడుగూ సులువే. దాటలేనివారు నేలకు దగ్గరగానే ఆగిపోతారు కాబట్టి పెద్ద ప్రమాదం ఉండదు. పై నుంచి కొత్త వైపుకు దిగేవారి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ముందు చదును బండ మీద హాయిగా నడుస్తారు. తర్వాత కొద్దిగా వాలు వస్తుంది, ఇంకో పది అడుగులకు మరికొంచెం. అంచు ఎక్కడుందో కనబడదు, ఎందుకంటే అక్కడ అంచు అనేదే లేదు. వాలు పెరుగుతూ పోతుంది, అంతే. కాలు నిలవడం లేదని తెలిసేసరికి వెనక్కి తిరగడానికి కూడా వీలులేని చోట ఉంటారు.

అందుకే నేను కొత్తవారికి ముందుగా చెప్పే నియమం ఇది: తెలియని వైపు నుంచి ఎక్కి చూడవచ్చు, తెలియని వైపుకు మాత్రం దిగకూడదు. ఎక్కేటప్పుడు కూడా పది అడుగులు పోయాక నాలుగు అడుగులు వెనక్కి దిగి చూడండి. దిగగలిగితేనే ముందుకు పొండి. ఎక్కడమొక్కటే వచ్చి దిగడం రానివారికి గుట్ట ఎంత చిన్నదైనా చిన్నది కాదు.

ఈ ఆకారం ఎలా వచ్చిందో తెలిస్తే బండను చూడగానే సగం విషయం అర్థమవుతుంది. ఈ రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల చాలా లోతున, పైనున్న భారం కింద కరుగు చల్లబడి గట్టిపడింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి భారం తగ్గేసరికి రాయి కొద్దిగా ఉబ్బి, పై తలానికి సమాంతరంగా పొరలుగా విడిపోవడం మొదలుపెట్టింది. ఆ పొరలు జారిపడిన చోట నున్నటి గుండ్రని బండ మిగిలింది. నిలువుగా, అడ్డంగా నెర్రెలు పడిన చోట మాత్రం నీరు లోపలికి దిగి, మూలలు అరిగి, గుండ్లు తయారయ్యాయి. కాజీపేట దాటాక మడికొండ మెట్టుగుట్ట మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలబడిన గుండ్ల స్తంభాలను మీరు చూసే ఉంటారు. వాటిని ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అదంతా ఒకే రాయి. నెర్రెల వెంట అరిగి అలా మిగిలింది.

కాబట్టి మీకు ఎదురయ్యేవి రెండు రకాల నేలలు, నున్నటి పరుపుబండ, గుండ్ల గుట్ట. రెండింటి మీదా నడిచే పద్ధతి వేరు.

పరుపుబండ మీద పని చేసేవి పాదాలు, చేతులు కాదు. కొత్తవారు భయంతో బండకు ఒంగి, చేతులతో పట్టు కోసం వెతుకుతారు. అలా ఒంగిన కొద్దీ బరువు పాదాల మీది నుంచి తప్పుకుంటుంది, పాదం జారుతుంది. నడుము నిటారుగా ఉంచి, బరువంతా అరికాలి మీద వేసి, మడమ కిందికి దించి, చిన్న అడుగులు వేయండి. అడుగు పెట్టే చోటును ముందు చూడండి. మోకాళ్ల మీద వంగి దగ్గర నుంచి చూస్తే బండ మీద తెల్లటి, లేత గులాబీ రంగు పలుకులు, వాటి మధ్య గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం చుక్కలు కనబడతాయి. ఎండకూ వానకూ మిగతావి అరుగుతాయి కానీ క్వార్ట్జ్ అంత తొందరగా అరగదు, పైకి పొడుచుకుని నిలుస్తుంది. బూటు అడుగును పట్టేది ఆ గరుకే. అరచేతితో రుద్దితే చర్మం గీరుకుపోయేలా ఉన్న బండ మంచి బండ. వందల ఏళ్లుగా భక్తుల కాళ్లు పడి నున్నబడిన గుడి మెట్లు దానికంటే ఎక్కువ జారతాయి. నమ్మకపోతే పోల్చి చూడండి.

నమ్మకూడని బండ మూడు రకాలు. ఒకటి, రాలిన మొరం పరచుకున్న బండ. రాయి శిథిలమై రాలిన ఆ గింజలు వాలు మీద పలుచగా పరచుకుని ఉంటాయి, కాలు వేయగానే వాటితోపాటు మనమూ కదులుతాం. బూటుతో పక్కకు ఊడ్చి, ఆ తర్వాతే కాలు పెట్టాలి. రెండోది, వాన నీరు పారిన దారిలో పైనుంచి కిందికి దిగే నల్లటి చారలు. అవి రాయి రంగు కావు, రాతిని అంటుకుని బతికే నాచు జాతులు. ఎండినప్పుడు ఏమీ కాదు, తడిగా ఉంటే ఎంత మంచి బూటైనా నిలవదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున మంచుకు కూడా ఇవి తడుస్తాయి. అందుకే చలికాలంలో పొద్దున్నే గుట్ట కిందికి చేరుకున్నా, ఎండ తగిలి బండ ఆరేదాకా పరుపుబండ జోలికి పోకుండా మెట్లదారిలోనో కాలిబాటలోనో తిరగమంటాను. మూడోది అన్నింటికన్నా మోసకారి. పైకి గట్టిగా కనిపించే పలుచటి రాతి పొర, కింద ఖాళీ. వేలి కణుపులతో తట్టి చూడండి. గట్టి బండ చప్పుడు మొద్దుగా ఉంటుంది, పొర విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినబడితే దాన్ని పట్టుకుని వేలాడకండి, దాని అంచున నిలబడకండి.

దిగేటప్పుడు కొద్దిపాటి వాలైతే మోకాళ్లు కాస్త వంచి, పాదం మొత్తం ఆనించి, అడ్డంగా వంకర్లు తిరుగుతూ దిగండి. వాలు ఎక్కువైతే బండ వైపు తిరిగి, ఎక్కినట్టే వెనక్కి దిగండి. కూర్చుని జారడం మాత్రం వద్దు. మొదలుపెట్టడం మన చేతిలో ఉంటుంది, ఆపడం ఉండదు.

బూట్ల గురించి ఒక్క మాట. ఖరీదు ముఖ్యం కాదు. అడుగు మెత్తటి రబ్బరుదై, పలుచగా, రాయి గరుకు పాదానికి తెలిసేలా ఉండాలి. పరుగు కోసం చేసిన మందపాటి నురుగు అడుగుల బూట్లు పరుపుబండకు పనికిరావు. మేకల కాపరులు చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్త కాళ్లతో వాలు దాటడం చూస్తారు. వాళ్ల పాదాలకు ఆ బండ పుట్టినప్పటి నుంచీ తెలుసు, మీరు వాళ్లను అనుకరించకండి.

గుండ్ల గుట్టల మీద జారడం కన్నా ఇరుక్కోవడం, దారి తప్పడం ఎక్కువ. ప్రతి సందూ ఒకేలా కనబడుతుంది. పోతూ పోతూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసి గుర్తు పెట్టుకోండి. వచ్చేటప్పుడు కనిపించేది ఆ వెనకవైపే. రాళ్ల మీద రంగుతో బాణాలు గీయవద్దు. ఫోనులో నడిచిన దారిని నమోదు చేసుకోవచ్చు, ఛార్జింగ్ మీద నమ్మకం ఉంటే. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టకూడదన్నది ఇక్కడ తప్పకుండా పాటించాలి. పై గుండు మీదికి చెయ్యి చాచి పట్టుకునే ముందు కర్రతో తట్టండి. రక్తపింజర, కట్లపాము, తేలు అన్నీ సొరికల్లోనే ఎండ తప్పించుకుంటాయి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయకండి. ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ కాలినో చేతినో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించి, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి చేర్చడమే చికిత్స. మనకు దగ్గరలో అది వరంగల్ ఎంజీఎం.

ఎలుగుబంట్లు కూడా గుండ్ల మధ్య గుహల్లోనే పగలు పడుకుంటాయి. కరీంనగర్ వైపు గుట్టల్లో ఇవి నిజంగా ఉన్నాయి. తాజాగా తవ్విన చెదపుట్ట, పళ్ల గింజలతో నిండిన మలం కనబడితే ఆ వైపు పోకండి. మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగు దాడి చేసేది ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే. తేనెతుట్టెల దగ్గర మాత్రం దీనికి వ్యతిరేకంగా ఉండాలి. నిటారు బండ కింద వేలాడే పెద్ద తుట్టెలు కనబడితే అరుపులు, పొగ, సెంటు, రాళ్లు విసరడం ఏవీ వద్దు, నెమ్మదిగా దూరం జరగండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తడమే, ఆగి చేతులతో కొట్టకూడదు. బండ వాలు మీద అలా పరుగెత్తడం ఎంత ప్రమాదమో ఊహించుకుంటే తుట్టె కింద నుంచి దారి ఎందుకు ఎంచుకోకూడదో తెలుస్తుంది. ఇంకొకటి, చలికాలం చివర ఎండిన దూలగొండి కాయల తీగలను రాసుకుంటూ వెళితే ఆ రోజంతా దురదతోనే గడుస్తుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, బయటికి ఎక్కడికీ పోనక్కర్లేదు, పద్మాక్షి గుట్టతో మొదలుపెట్టండి. బతుకమ్మకు ఊరంతా చేరే చోటే. దాని మీద 1117 నాటి శాసనం ఉంది, జైన శిల్పాలున్నాయి. సాయంత్రాలు ఎక్కుతూ దిగుతూ పాదాలకు రాయిని అలవాటు చేయడానికి అంతకన్నా దగ్గరి చోటు మీకు లేదు. చెక్కడాలున్న బండ మీద మాత్రం కాలు పెట్టకండి. తర్వాత మెట్టుగుట్ట. ఓరుగల్లు కోట లోపలి ఏకశిల గుట్టను మెట్ల మీదుగా ఎక్కి చుట్టూ చూడండి. ఊరి చుట్టూ ఏ దిక్కున ఏ గుట్ట ఉందో అక్కడి నుంచి చక్కగా తెలుస్తుంది. అది రక్షిత కట్టడం కాబట్టి దాని బండల మీద సాధన చేయకూడదు.

నెలా రెండు నెలలు అలా గడిచాక పూర్తి పూట పట్టే గుట్టలకు పొండి. జఫర్‌గఢ్ కోట, కరీంనగర్ దారిలో లోపలికి ఉన్న మొలంగూరు ఖిల్లా ఇందుకు సరిగ్గా సరిపోతాయి. మొలంగూరును కాకతీయ ప్రతాపరుద్రుని అధికారి వొరగిరి మొగ్గరాజు కట్టించాడని చెబుతారు. గుట్ట కింద దూద్ బావి ఉంది, చూడకుండా రాకండి. అక్కడ పాత దారి, గుండ్లు, పరుపుబండ మూడూ ఒకే గుట్ట మీద దొరుకుతాయి. నా మాట వింటే పది గుట్టలు ఒక్కోసారి ఎక్కడం కన్నా మొలంగూరు ఒక్కదాన్నే పదిసార్లు, వేర్వేరు కాలాల్లో ఎక్కండి. వానాకాలం తర్వాత పచ్చగా ఉన్నప్పుడు కనబడని దారులు ఆకు రాలాక కనబడతాయి. నీరు ఎటు పారిందో తెలుస్తుంది. అదే గుట్ట మీకు రాయిని చదవడం నేర్పుతుంది. మానేరు ఒడ్డున ఎల్గందుల కోట నడకకు బాగుంటుంది, చరిత్ర ఇష్టమైతే ఇంకా బాగుంటుంది. ఆర్మూరు నవనాథ సిద్దుల గుట్ట గుండ్ల మధ్య నడక నేర్చుకోవడానికి మన ఉత్తర తెలంగాణలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటు.

దేవునూరు వైపు ఇనుపరాతి గుట్టలు ఒక వరుసగా సాగుతాయి. అవి బోడ బండలు కావు, అడవి. రిజర్వు ఫారెస్టు కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలకు కూడా వెళ్తామని రాశారు. తప్పక వెళ్లండి, ఆదిమానవుల రాతి చిత్రాలు చూడవలసినవే. కానీ అది గ్రానైట్ కాదు, ఇసుకరాయి. ఇక్కడ నేర్చుకున్నదంతా అక్కడ పనిచేయదు. ఇసుకరాయి వానకు తడిస్తే లోపలి బలం తగ్గుతుంది, నిన్న ఆగిన పట్టు ఇవాళ చేతిలోకి ఊడి రావచ్చు. వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు దాని మీద ఎక్కడం మానుకోవాలి. చిత్రాలను ముట్టుకోవద్దు, వాటి మీద నీళ్లు చల్లి ఫొటోలు తీయవద్దు.

తాడు సంగతి. ఇప్పుడు కొనకండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నైలాన్ తాడు సామాను కట్టడానికే. మనిషి పడినప్పుడు కొద్దిగా సాగి ఆ కుదుపును మింగే తాడు వేరు. ఆ తాడు ఉన్నా, దాన్ని దేనికి కట్టాలో, పైవాడు ఎలా పట్టుకోవాలో తెలియకపోతే ఒకరు పడే చోట ఇద్దరు పడతారు. తాడు పని నేర్చుకోవాలనుంటే భువనగిరిలో శిక్షణ పొందినవారి దగ్గర నేర్చుకోండి. ఇవి చిన్న గుట్టలే కదా అన్నారు కాబట్టి చెబుతున్నాను, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ మొదట రాయి ఎక్కింది ఆ భువనగిరి బండ మీదే. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా అక్కడ శిక్షణ మొదలుపెట్టి, తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో సాధన చేసి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే శిఖరం చేరాడు.

కాలం విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. మార్చి మధ్య నుంచి బండ పొద్దున పదింటికే కాలుతుంది, రాత్రి దాకా ఆ వేడిని వదలదు. మేలో 43, 44 డిగ్రీలు నమోదయ్యే రోజుల్లో బోడ గుట్ట మీద వడదెబ్బ తగిలితే నీడ కూడా దొరకదు. ఒక్కొక్కరికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. తినడానికి సర్వపిండి కన్నా మంచిది నాకు కనబడలేదు, మధ్యాహ్నం దాకా పాడవదు, సంచిలో నలగదు. గుట్ట మీది దొనల్లో, అంటే బండ గుంటల్లో, నీళ్లు చూసి ఆశపడకండి, అవి మేకలకూ పక్షులకూ. వాటిలో సబ్బుతో కాళ్లు కడగకండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ వానాకాలంలోనూ పడమట నల్లమబ్బు కమ్మి ఉరుము వినబడిందంటే శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా వెంటనే దిగాలి. ఒంటరి చెట్టు కిందా, గుండు సొరికలోనూ తలదాచుకోవద్దు, పిడుగు అక్కడికీ వస్తుంది.

క్వారీల గురించి చెప్పకుండా ముగించలేను. కరీంనగర్ రాయిని టాన్ బ్రౌన్ పేరుతో దేశదేశాలకు పంపుతున్నారు. అందుకోసం గుట్టలకు గుట్టలే మాయమయ్యాయి. గంగాధర మండలం కురిక్యాల బొమ్మలమ్మ గుట్టకు వెళ్లండి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో వేయించిన శాసనం ఆ బండ మీద ఉంది. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి, నన్నయకు వంద ఏళ్ల ముందటివి. ఆ గుట్టను కూడా తవ్వకాలు చుట్టుముట్టాయంటే నాకు కడుపు రగులుతుంది. మీరు ఎక్కిన ప్రతి గుట్టకూ ఫొటోలు తీసి, తేదీ వేసి దాచండి. శాసనమో, శిల్పమో, పాత గోడో కనబడితే దాన్ని గీకకుండా, సుద్ద పూయకుండా ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. పని ఆపేసిన క్వారీ గుంటల్లో మాత్రం ఈతకు దిగకండి. గోడలు నిటారుగా కోసి ఉంటాయి, లోతు తెలియదు, పట్టుకుని పైకి రావడానికి ఏమీ ఉండదు.

ఏ గుట్టకైనా ముందు కింది ఊళ్లో ఆగండి. మేకలు కాసే పెద్దాయన కనబడితే "తాతా, దారి ఎటు నుంచి ఉంది? తేనెతుట్టెలు ఏ వైపు ఉన్నాయి?" అని అడగండి. ఏ పటంలోనూ లేని సంగతులు చెబుతాడు. పైకి ఎందరు పోతున్నారో, ఎన్నింటికి దిగుతారో అక్కడొకరికి చెప్పి పొండి, దిగాక మళ్లీ కనబడి చెప్పండి.

హిమాలయాలకు కావలసిన ఊపిరి, కాళ్ల బలం విడిగా తెచ్చుకోవాలి. ఎత్తు వల్ల గాలి పలుచబడటం ఇక్కడ సాధన చేయడం కుదరదు. కానీ వీపున ఎనిమిది, పది కిలోల సంచితో వారానికి మూడు రోజులు పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగడం కుదురుతుంది. దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే భారానికి తొడ కండరాలు అలవాటు పడాలి, ట్రెక్కింగ్‌లో చాలామంది కుంటేది దిగే రోజునే. ఇప్పుడు సంచి లేకుండా మొదలుపెట్టి, నెలకు రెండు కిలోల చొప్పున పెంచండి. మొలంగూరు వెళ్లే ముందు ఏ వైపు నుంచి ఎక్కుదామనుకుంటున్నారో ఇక్కడ రాయండి, దారి నేను చెబుతాను.